పాటల పెట్టె: ఒక్క దశాబ్దమే ఎంచుకోమంటే...

ప్రశ్న: నమస్తే బాబాయిగారూ. మాది గుంటూరు బ్రాడీపేటలో ఒక అపార్ట్‌మెంటు. సంక్రాంతికి అందరం కలిసి పాటల కార్యక్రమం పెట్టుకుంటాం. ఏటా కలగాపులగం అయిపోతోందని ఈసారి ఒకే దశాబ్దం పాటలు పాడాలని అనుకున్నాం. పేచీ అక్కడే వచ్చింది. మా మామగారు ఘంటసాల కాలం అంటారు. మావారు ఇళయరాజా అంటారు. మా మరిది రెహమాన్ తప్ప ఎవరూ వద్దంటాడు. పిల్లలకేమో ఇప్పటి పాటలు కావాలి. వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గొడవ. మీరైతే ఏ దశాబ్దం ఎంచుకుంటారు? "అన్నీ బాగుంటాయమ్మా" అని మాత్రం తప్పించుకోకండి.
(ఒక గృహిణి, బ్రాడీపేట)

జవాబు: తప్పించుకోనమ్మా. నా ఓటు 1960లకి. 1960 నుంచి 1969 చివరిదాకా వచ్చిన పాటలకి. ఎందుకో చెప్తాను, నచ్చితే మీ గ్రూపులో పెట్టండి.

ముందు మీ ఇంటి సంగతి. ఎవరు ఏ దశాబ్దం కోరారో చూస్తే వాళ్ల వయసు దాదాపుగా చెప్పేయొచ్చు. పదిహేనూ ఇరవై ఏళ్ల మధ్య విన్న పాటలు మనిషిని జీవితాంతం వదలవని మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాళ్లు కూడా అంటారు. విజయవాడ గవర్నరుపేటలో, అడిగిన పాటలు క్యాసెట్‌కి ఎక్కించి ఇచ్చే నా రికార్డింగ్ సెంటర్ కౌంటర్ వెనక కూర్చుని నేను రోజూ చూసింది ఇదే. అప్పట్లో జనం తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకుని వచ్చేవారు. ఖాళీ క్యాసెట్ వాళ్లే తెచ్చుకునేవారు, లేదా మా దగ్గరే కొనేవారు. అరవై నిమిషాలదైతే పక్కకి ఏడెనిమిది పాటలు, తొంభైదైతే పది పదకొండు. లిస్టు చేతిలోకి తీసుకుని చదివితే చాలు, మనిషి ఎప్పుడు కాలేజీలో ఉన్నాడో తెలిసిపోయేది. కాబట్టి మీ ఇంట్లో వాళ్లు పోట్లాడుకుంటున్నది సంగీతం గురించి కాదు. ఎవరి పడుచుదనం వాళ్లకి కావాలి. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్కన తీర్పు ఎప్పటికీ తేలదు.

ఆ లెక్కే పడితే నా ఓటు 80లకి పడాలి. శంకరాభరణం వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. 1980 ఫిబ్రవరిలో ఆ సినిమా వచ్చాక బెజవాడలో సంగీతం మాస్టార్ల ఇళ్ల ముందు పిల్లల చెప్పులు పెరిగాయి. ఆ సినిమా పాటలకు మహదేవన్, బాలు, వాణీ జయరాం ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. రెండేళ్లకి మేఘసందేశం. మన కొండపల్లిలో పుట్టిన రమేష్ నాయుడుగారికి సంగీతానికి, ఏసుదాసుకి, సుశీలమ్మకి మళ్లీ జాతీయ అవార్డులు. 1983లో సాగరసంగమం, 1984లో సితార, 1986లో సిరివెన్నెల, 1988లో రుద్రవీణ. వేటూరిగారిది పెదకళ్లేపల్లి, విశ్వనాథ్‌గారిది రేపల్లె దగ్గర పెదపులివర్రు. సొంత ఊళ్లవాళ్ల పాటలు వింటూ ఇరవైల్లోకి వచ్చినవాణ్ని, నాకు ఆ దశాబ్దం అంటే ప్రాణం.

అయినా నా ఓటు 60లకే. కారణం నా కొట్టుకి వచ్చిన ఆ లిస్టులే.

80ల పాటలు అడిగేవాళ్ల లిస్టులు ఒకదానికొకటి నకళ్లలా ఉండేవి. ఇప్పుడు చెప్పిన ఆరు సినిమాలు, ఇళయరాజావి ఇంకొన్ని, చక్రవర్తిగారివి కొన్ని మాస్ పాటలు. నెల తిరిగేసరికి ఏ పాట ఏ రికార్డులో ఎన్నోదో నాకు కంఠతా వచ్చేసింది. వెతుక్కోవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆ పదేళ్లలో వచ్చిన మిగతా వందల సినిమాల పాటలు, డ్రమ్ముల మోత, స్టెప్పుల కోసం కట్టిన వరసలు, ఎవరూ అడిగేవారు కాదు. సినిమా పోయింది, పాట కూడా దాంతోనే పోయింది. శిఖరాలు గొప్పవే. వాటి కింద మాత్రం చాలా ఖాళీ.

60ల లిస్టు వస్తే నేను చొక్కా చేతులు మడుచుకోవాల్సిందే. ప్రతి లిస్టులోనూ నా దగ్గర లేని పాట ఒకటైనా ఉండేది. దాని కోసం వన్‌టౌన్‌లో పాత రికార్డులు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, లేదా గుంటూరు ఫ్రెండ్‌కి ట్రంక్‌కాల్ చెయ్యాలి. ఇంతా చేసి సంపాదిస్తే అది ఎవరికీ గుర్తులేని సినిమాలోది అయ్యుండేది. పాట మాత్రం బంగారం.

కృష్ణలంక నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. ఆవిడకి చదువు రాదు, లిస్టు ఉండదు. సినిమా పేరు తెలీదు, ఎవరు పాడారో తెలీదు. కౌంటర్ మీద చెయ్యి ఆనించి, కళ్లు సగం మూసుకుని పల్లవి పాడేవారు. శ్రుతి తప్పేది కాదు. ఒకరోజు "ఇది మల్లెల వేళయనీ" పాడి, "ఇది మీ దగ్గరుందా నాయనా?" అన్నారు. ఆ పాట 60ల చివర్లో వచ్చిన సుఖదుఃఖాలు సినిమాలోది. కోదండపాణిగారి వరస, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు, సుశీలమ్మ గొంతు. ఆ సినిమా కథ చెప్పమంటే ఆవిడ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ పాట ఆవిడకి రేడియోలో పరిచయం. పొయ్యి దగ్గర వంట చేస్తూ వింటే వచ్చేసిందట. సినిమాతో పని లేకుండా, హీరోతో పని లేకుండా ఒక పాట ఒక మనిషి గొంతులో ఇన్నేళ్లు ఉండిపోయిందంటే దానికి మించిన అవార్డు ఏముంటుంది? నా కొలబద్ద ఇదే. దశాబ్దాన్ని దాని గొప్ప పాటలతో కొలవకూడదు, మామూలు సినిమాల పాటలతో కొలవాలి.

ఆ మాట వినగానే మీ మామగారు అడుగుతారు, "మరి 50ల సంగతో?" అని. అడగాల్సిందే. 1951లో పాతాళభైరవి, మల్లీశ్వరి. 1953లో దేవదాసు. 1955లో మిస్సమ్మ, రోజులు మారాయి. 1957లో మాయాబజార్. వీటిని కాదనే నోరు నాకు లేదు. కానీ అమ్మా, ఆ దశాబ్దం కొండపల్లి కొండల్లాంటిది. ఎత్తుగా, దూరం నుంచి కనపడుతూ, లెక్కపెట్టగలిగేటట్టు. 60లు మన డెల్టా పొలం. ఎటు చూసినా పైరే.

ఎందుకలా పండిందంటారా? నేను ఆలోచించినంతలో రెండు కారణాలు.

మొదటిది, కవులు. 50ల నుంచి ఉన్న సముద్రాల, పింగళి, కొసరాజు ఇంకా రాస్తున్నారు. కొసరాజుగారిది బాపట్ల దగ్గర అప్పికట్ల, జానపదం ఆయన నాలుక మీదే ఉండేది. ఆత్రేయ, ఆరుద్ర, శ్రీశ్రీ మంచి ఊపు మీదున్నారు. కృష్ణశాస్త్రిగారు ఉండనే ఉన్నారు. 1961లో దాశరథి వచ్చారు. 1962లో గులేబకావళి కథతో సినారె వచ్చారు, మొదటి సినిమాకే పాటలన్నీ ఆయనవే. ఒకే కాలంలో ఇంతమంది, అందులోనూ సగంమంది సినిమాకి బయట పుస్తకాలతో పేరు తెచ్చుకున్నవాళ్లు, సినిమా పాట రాసిన రోజులు మళ్లీ రాలేదు. 80లలో వేటూరిగారు మహానుభావుడే, కానీ దాదాపు అంతా ఆయన భుజాల మీదే పడింది. పొద్దున ఒక పాట, సాయంత్రం ఒక పాట రాయాల్సి వస్తే ఎంతటివాడికైనా కష్టమే.

రెండోది, రికార్డింగ్ పద్ధతి. అప్పట్లో మద్రాసు స్టూడియోల్లో పాటంతా ఒక్కసారే తీసేవారు. గాయకులు, వయొలిన్లు, వేణువు, తబలా అందరూ కలిసి వాయించాలి. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పితే మొదటినుంచి మళ్లీ పాడాలి. అందుకని ముందు రోజుల తరబడి రిహార్సల్ ఉండేది. మైకు ముందుకి వచ్చేసరికి పాట గాయకుల ఒంట్లోకి ఇంకిపోయేది. తర్వాత ట్రాకులు వచ్చాయి. గొంతు ఒకరోజు, వాద్యాలు ఒకరోజు. శబ్దం శుభ్రపడిన మాట నిజం. కానీ ఘంటసాలగారూ సుశీలమ్మా పక్కపక్కన నిలబడి పాడిన యుగళగీతంలో ఒకరి ఊపిరికి ఇంకొకరు ఆగుతారు చూడండి, అది తర్వాత తగ్గిపోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, తెలుస్తుంది.

60లకి లోపాలు లేవనడం లేదు. మగ గొంతంటే చాలావరకు ఘంటసాలే, ఆడ గొంతంటే చాలావరకు సుశీలే. పి.బి. శ్రీనివాస్‌గారి లాంటి గొంతుకి దక్కాల్సినన్ని పాటలు దక్కలేదని నా బాధ. హిందీ ట్యూన్లు తెచ్చుకుని కట్టిన పాటలూ ఉన్నాయి.

ఇక 70లు దాటే వంతెన. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు వెళ్లిపోయారు, బాలు ఎదిగారు. 90లలో మీ మరిదిగారన్నట్టు రెహమాన్ శబ్దాన్నే మార్చేశాడు. 1992లో రోజా క్యాసెట్లు నేను ఎన్ని అమ్మానో! కీరవాణిగారి అన్నమయ్య 1997లో వస్తే కుర్రాళ్లు కూడా కీర్తనలు పాడారు. ఇవన్నీ మంచి రోజులే. నా కొలబద్దకి మాత్రం 60లే నిలుస్తాయి.

మీ కార్యక్రమానికి పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. పదేళ్లూ వద్దు, ఒక్క 1964 తీసుకోండి. ఆ ఒక్క ఏడాదిలో సాలూరి రాజేశ్వరరావుగారు ఒక్కరే డాక్టర్ చక్రవర్తి, పూజాఫలం, అమరశిల్పి జక్కన్న, బొబ్బిలి యుద్ధం చేశారు. నాలుగూ నాలుగు లోకాలు. మహదేవన్ మూగమనసులు, ఆత్మబలం చేశారు. పెండ్యాలగారు రాముడు-భీముడు, ఘంటసాలగారు గుడిగంటలు, మన బందరు మాస్టర్ వేణుగారు మురళీకృష్ణ చేశారు. ఇదంతా పన్నెండు నెలల పంట.

మీ మామగారికి డాక్టర్ చక్రవర్తిలో "మనసున మనసై" ఇవ్వండి. శ్రీశ్రీ పాట, గట్టిగా పాడక్కర్లేదు, నిదానంగా మాట చెప్తున్నట్టు పాడితే చాలు. మీరూ మీవారూ ఆత్మబలంలోని "చిటపట చినుకులు" పాడండి, కొత్తగా పెళ్లయిన జంట ఎవరైనా ఉంటే వాళ్లకైనా సరే. పిల్లలందరికీ కలిపి రాముడు-భీముడులో "ఉందిలే మంచికాలం". అదీ శ్రీశ్రీదే, బృందగానంగా బ్రహ్మాండంగా ఉంటుంది. మూగమనసులులో "గోదారి గట్టుంది" ఎవరైనా గడుసు అమ్మాయికి ఇవ్వండి. దాశరథిగారు రాశారు, సుశీలమ్మ నవ్వుతూ పాడారు.

సంగీతం నేర్చుకున్న అమ్మాయి ఉంటే పూజాఫలంలో "పగలే వెన్నెల" ఆమెకే. రాగం హిందోళం. ఏడు స్వరాల్లో రిషభం లేదు, పంచమం లేదు, ఉన్నవి ఐదు స్వరాలే. ఆ ఐదింటితో సాలూరివారు ఎంత దూరం తిరిగొచ్చారో వినాలి. సినారె మాట మీద స్వరం కూర్చున్న తీరు చూడండి. "ఊయల" అన్న చోట వరస నిజంగానే ఊగుతుంది. పాడింది జానకమ్మ, మన రేపల్లె తాలూకా పల్లపట్ల ఆడపడుచు. గుంటూరులో పాడుతున్నారు కాబట్టి ఆ సంగతి మైకులో చెప్పడం మర్చిపోకండి.

ఒక జాగ్రత్త. సుశీల, జానకి పాటల శ్రుతి ఎక్కువ. కరోకీ ట్రాకులు ఒరిజినల్ శ్రుతిలోనే ఉంటాయి. ఇంట్లో పాడుకునే గొంతులు రెండో చరణానికి అలిసిపోతాయి. ఫోన్లో శ్రుతి మార్చే యాప్‌లున్నాయి, ఒకటో ఒకటిన్నరో తగ్గించుకుని ముందే సాధన చెయ్యండి. స్టేజీ మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

*

ప్రశ్న: సార్, నేను కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇళయరాజా తర్వాత వచ్చింది సంగీతమే కాదని మా నాన్న రోజూ అంటుంటారు. మా కాలం పాటలు నిజంగా అంత పనికిరానివా?
(ఒక విద్యార్థి)

జవాబు: కాదు బాబూ. మీ నాన్నగారికి ఆయన కాలం మీద ప్రేమ ఉంది, ఆ ప్రేమని తప్పుపట్టకు. కానీ పనికిరానివి అన్న మాట ఒప్పుకోను.

"సామజవరగమన" తీసుకో. అల వైకుంఠపురములో సినిమాకి తమన్ చేసిన పాట. రాసిందెవరు? 1986లో సిరివెన్నెల సినిమాతో పేరు తెచ్చుకున్న సీతారామశాస్త్రిగారే. మీ నాన్నగారి కాలం కవి మీ కాలం కుర్రాడి కోసం రాశాడు, ఇద్దరూ పాడుకున్నారు. ఆ సినిమా సంగీతానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. 2023లో చంద్రబోస్ రాసి కీరవాణి కట్టిన "నాటు నాటు" ఆస్కార్ వేదిక ఎక్కింది. తెలుగు పాట అక్కడిదాకా వెళ్తుందని మా తరంలో ఎవరూ ఊహించలేదు.

అయితే నా కొలబద్ద నీ దశాబ్దానికి ఇప్పుడే పెట్టలేను. ఫ్లాప్ సినిమాలో పాట ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా కూనిరాగం తీస్తున్నారా లేదా అన్నది ఇప్పుడు తెలిసే విషయం కాదు. రీల్స్‌లో పదిహేను సెకన్లు మోగే ముక్క వేరు, రెండు చరణాలు గుర్తుండిపోయే పాట వేరు. నీకు ఇష్టమైన పాటల్లో రెండో చరణం కూడా నోటికి వచ్చినవి ఎన్నో ఒకసారి రాసి చూసుకో. ఆ లిస్టు మీ నాన్నగారి చేతికివ్వు. వాదించకు, ఒక ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి వినిపించు. తర్వాత ఆయన లిస్టు నువ్వు విను. జగదేకవీరుని కథలో "శివశంకరీ" అందులో లేకపోతే నా పేరు చెప్పి చేర్పించు. 1961లో మన కృష్ణా జిల్లా పెండ్యాలగారు దర్బారీ కానడ రాగంలో కట్టారు. తెర మీద ఎన్టీఆర్ ఐదుగురై కనిపిస్తారు, వెనక ఘంటసాల ఒక్కరే అంతమందికి సరిపోయారు.

*

ప్రశ్న: ఘంటసాలా? బాలూనా? ఒక్క పేరు చెప్పండి.
(సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: పద్యానికైతే ఘంటసాల, ఇంకో పేరే లేదు. గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన కరుణశ్రీగారి పుష్పవిలాపం పద్యాలు ఆయన గొంతులో వినండి, పద్యం చదవడం రానివాడికి కూడా అర్థమవుతుంది. పాటల్లో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఒక్క గొంతులో కావాలంటే బాలు. ఒక్క పేరే అంటే ఘంటసాల.

*

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఇంట్లో అట్టపెట్టె నిండా 80, 90ల నాటి క్యాసెట్లున్నాయి. కొన్ని మీ సెంటర్లో రికార్డు చేయించినవే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చా? ఇప్పుడు మోగుతాయా?
(ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: చాలావరకు మోగుతాయమ్మా, తొందరపడి టేప్‌రికార్డర్లో మాత్రం పెట్టకండి. ముందు క్యాసెట్ కిటికీలోంచి చూడండి. చుట్ట మీద తెల్లటి పొడి ఉంటే అది బూజు. మన తేమకి తొందరగా పడుతుంది. వాటిని పక్కన పెట్టండి, మంచి క్యాసెట్లతో కలపొద్దు. బూజుది వేస్తే టేప్‌రికార్డర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని, అక్కణ్నుంచి తర్వాత వేసిన ప్రతిదానికీ అంటుతుంది.

శుభ్రంగా ఉన్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి, ఇలా చేస్తే విడిపోతాయి. టేపు నడిచే దారి మధ్యలో చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోతే శబ్దం నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పాడైపోయిన క్యాసెట్ ఒకటి విప్పి దాని స్పాంజి దీనికి మార్చుకోవచ్చు. స్క్రూలున్న క్యాసెట్లయితే సులువు, అతికించినవైతే చాకుతో జాగ్రత్తగా విప్పాలి. క్యాసెట్ వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. అవి విరిచేసి ఉంటే మంచిదే, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు. లేకపోతే మీరే విరిచేయండి.

టేప్‌రికార్డర్ హెడ్‌ని దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి, మందుల షాపులో అడిగితే దొరుకుతుంది. ఆరాక హెడ్‌ఫోన్ పిన్ను నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోండి. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ముందు వేవ్ ఫైలుగా దాచుకోండి, ఎంపీ3 తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. టేపు తెగితే సెల్లోటేపు వాడకండి, జిగురు కరిగి హెడ్‌కి పట్టుకుంటుంది. టేపు అతికించడానికి వేరే స్ప్లైసింగ్ టేపు అమ్ముతారు, అదే తెప్పించుకోండి.

నా సెంటర్లో చేసినవైతే లోపలి కార్డు మీద పాట పేరు పక్కన సినిమా పేరు, సంగీతం ఎవరిదో కూడా నా చేతిరాతతో ఉంటుంది. ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు అవి కూడా ఎక్కించండి. అందులో 60ల పాట ఏదైనా మీకు నెట్‌లో ఎక్కడా దొరకనిది కనిపిస్తే, పల్లవి రాసి ఈ శీర్షికకి పంపండి. సినిమా పేరు, కవి పేరు నేను చెప్తాను.